కాగితం మీంద అమ్మవారు

బాగేపల్లి
2024 జూన్ 12, బుధవారం

అంబికా,

మీ అమ్మ చెప్పి రాయిస్తాండాది. దీవెనలు చివర్లో ఉంటాయి, ముందు తిట్లు విను.

నిన్న ఫోన్ చేస్తే నేను ఒక మాట అనేలోపల పెట్టేస్తివి. మళ్లీ చేస్తే మళ్లీ పెట్టేస్తివి. అందుకే పక్కింటి వరమహాలక్ష్మమ్మను కూర్చోబెట్టుకొని జాబు రాయిస్తాండా. జాబును పెట్టేసేకి కాదు గదా. చించితే చించు, ఇంకొకటి రాయిస్తా. నాకు చదువు లేదు గాని నోరుండాది, ఆయమ్మకు చెయ్యుండాది. మాటలు మన తెలుగే, అచ్చరాలు మాత్రం కన్నడవి. నువ్వు బళ్లో నేర్చింది అవే గదా. చింతామణి బస్సు కండక్టరు గిరీశ్ చేతికిస్తే మీ అంగడి కాడ ఇచ్చిపోతాడు.

ఇప్పుడు అసలు సంగతి. నీ కోడలు మంజుశ్రీ నిన్న మధ్యాన్నం ఒక్కతే బస్సు దిగి వచ్చింది. వచ్చి లోపలికి రాలేదు, అరుగు మీంద కూర్చుండిపోయింది. సంచీలోంచి తన లోటా తనే తీసి, "అవ్వా, దీంట్లో పొయ్యి నీళ్లు. మీ చెంబు నేను ముట్టుకోకూడదంట" అనింది. తల దువ్వి ఎన్నాళ్లయిందో, కొప్పులో ఎండిపోయిన వేపరెమ్మ.

అది నీకు కోడలైతే నాకు కొడుకు బిడ్డ. మీ అన్న కృష్ణప్ప నోరు లేనోడు కాబట్టి నేను అడుగుతాండా. రెండుసార్లు కడుపు పోయిన బిడ్డ అది. మొదటిది ఐదో నెల్లో పోయె. రెండోది ఏడో నెల్లో ఊపిరి లేకుండా పుట్టె. ఆ రెండుసార్లూ నువ్వేం చేస్తివి? దిష్టి తగులుతుందని నెలల తరబడి నోరు విప్పకుండా దాచిపెడితివి. కడుపుతో ఉండేవాళ్లకిచ్చే తాయి కార్డు చేయించేకి ఆస్పత్రికి పోయేలోపల అంతా అయిపోయె. ఈసారన్నా ముందే చూపించవే అంటే నువ్వు కదల్లేదు, నేనే చిక్కబళ్లాపురం తీసుకపోతి. అక్కడి డాక్టరమ్మ, అనఘ అని పేరు, ఏం చెప్పింది? "అవ్వా, రెండుసార్లు పోయిందంటే లోపల అంటు ఏదన్నా దాక్కొని ఉండాదేమో చూడాల. నెత్తురు పరీక్ష చేయించండి, ఈయమ్మకూ ఈయమ్మ మొగుడికీ" అనింది. మంజుశ్రీ మీ వీధిలోనే ల్యాబులో ఇచ్చింది. నీ కొడుకు అమరేషు ఇంతవరకూ చొక్కా చెయ్యి మడవలేదు.

రిపోర్టు నువ్వు తెచ్చుకొంటివంట. దాంట్లో ఏముండాదని మూడు నెలల కడుపుతో ఉండే బిడ్డను ఇంట్లోంచి తరిమేస్తివి? వాడికి ఎవరింటి పిల్లనో కాదు, నా ఇంటి పిల్లను చేస్తినని మరిచిపోయినావా?

దీవెనలు చివర్లో అంటి గదా. అవన్నీ మంజుశ్రీకే ఇచ్చేస్తి. నీ జవాబు చూసి నీకేమన్నా మిగులుతాయేమో చూస్తాం.

మునివెంకటమ్మ వేలిముద్ర


చింతామణి
2024 జూన్ 15

అమ్మా,

నీ జాబు అందింది. గిరీశ్ దాన్ని అంగట్లో అందరి ముందర నా చేతిలో పెట్టి, "అక్కా, మీయమ్మ శానా కోపంగా ఉండాది, నిలబడి చదవొద్దు, కూర్చొని చదువు" అని చెప్పి పోయినాడు. బస్సులో ఎంతమందికి చదివి వినిపించినాడో ఆ దేవుడికే తెలియాల.

నేనెవరినీ తరమలేదు. నీ మనవరాలే పోయింది. గడప దాటొద్దు, గడప దాటొద్దు అని మూడుసార్లు చెప్పినాను. పాలకు పోయి వచ్చేసరికి గది ఖాళీ. ఇంట్లో అమ్మవారు ఉండగా పోసిన మనిషి బస్సెక్కి ఊరు దాటుతుందా? నీకు ఫోన్లో చెప్దామంటే నువ్వు వినే రకమా?

అవునమ్మా, అమ్మవారే. రిపోర్టులో రెండు చోట్ల 'పాజిటివ్' అని ఉండాది. ల్యాబులో ఉండే చేతన్‌ను అడిగితి. మొదటిది చూపించి, "ఇది తట్టు జాతిది ఆంటీ, మన అమ్మవారికి చెల్లెలు అనుకోండి" అన్నాడు. రెండోది ఏందిరా అంటే, "అది డాక్టరే చెప్పాల" అని తల దించుకొన్నాడు. నాకు మొదటిదే చాలు. ఒంటి మీంద ఒక్క పొక్కు లేదు, అంటే తల్లి లోపలే పోసింది. లోపల పోసి ఇద్దరు బిడ్డలనూ తీసుకపోయింది. ఇన్నాళ్లూ మనకు తెలియలేదు.

తెలిసినంక ఊరికే ఉంటానా? గుమ్మానికి వేపమండలు కట్టిస్తి. తాలింపు మానేస్తిమి. అమరేషు టమాటా మండీలో పొద్దంతా మూటలు ఎత్తి వచ్చి చప్పిడి కూడు తింటాండాడు. కోడలికి వెనక గదిలో చాప, లోటా, పళ్లెం వేరే పెడితి. ఇవన్నీ నేను కొత్తగా కనిపెట్టినవా? నా చిన్నప్పుడు మన ఇంట్లో పోసినప్పుడు నువ్వు చేసినవే. అమ్మ ఇంట్లో ఉండగా సూదీ మాత్రా గడప తొక్కకూడదని నాకు చెప్పింది ఎవరు? నువ్వే. అందుకే నెత్తురు ఇవ్వొద్దని అమరేషుకు నేనే చెప్తి. వాడిని ఏమీ అనొద్దు.

నీకు కొడుకు బిడ్డ అంటే ప్రాణం. కూతురి కొడుకు కంట్లో నలుసు. ఇది ఈ పొద్దుటిది కాదు.

మంజుశ్రీకి మజ్జిగ ఇవ్వు, వేడి చేసేవి పెట్టొద్దు. తల దువ్వనీకు.

తిట్లు తినే నీ కూతురు
అంబిక


బాగేపల్లి
2024 జూన్ 19

ఏమ్మే అంబికా,

నీ జాబు వరమహాలక్ష్మమ్మ చదువుతాంటే నాకు నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. మొన్న రోంత వాన పడింది, శెనగకాయ విత్తుదామని మీ అన్న ఎగురుతాండాడు. ఆ సంగతి కూడా పట్టించుకోకుండా సోమవారం మంజుశ్రీని తీసుకొని మళ్లీ చిక్కబళ్లాపురం పోతి. రిపోర్టు దాని ఫోన్లో ఫోటో ఉండాది.

డాక్టరమ్మకు వేపమండల సంగతి చెప్తి. ఆయమ్మ కళ్లద్దాలు తీసి టేబుల్ మీంద పెట్టింది. తర్వాత చెప్పింది: మొదటి పాజిటివ్ పాతది. చిన్నప్పుడు ఎప్పుడో వచ్చి పోయినదో, బళ్లో వేసిన టీకాదో. ఇప్పుడు ఒంట్లో జబ్బు లేదు. కొత్తగా వచ్చింటే ఇంకో గుర్తు కనపడాల, అది లేదు. జబ్బు మళ్లీ రాకుండా ఒళ్లు కావలి పెట్టుకొనింది, అంతే. మంచిదే గాని చెడ్డది కాదు.

నాకు ఒక్కసారికే అర్థమైపోయె. నీకు ఎందుకు కాలేదు? పుట్టినప్పటినుంచి నా మొగం చూస్తాండావు గదే. ఈ మచ్చలు ఎట్ల వచ్చినాయి? నాకు ఏడేళ్లప్పుడు అమ్మవారు పోసి పోయింది. మచ్చ ఉండాదని ఇప్పుడు కూడా నా మొగంలో అమ్మవారు కూర్చోనుండాదా? నా చెంబు కూడా వేరే పెడతావా? మంజుశ్రీ నెత్తురులో ఉండేది కూడా అట్లాంటి మచ్చే. దానికి నువ్వు తాలింపు మానేస్తివి!

ఇంక రెండోది. ల్యాబువాడు తల దించుకొన్నాడే, అది. వరమహాలక్ష్మమ్మ ఆ మాట రాసేకి చెయ్యి రాదంటాండాది, గుడి పూజారి ఇంటి ఆడది. రాయమ్మా, నెత్తురుకు సిగ్గు లేదు. మా కాలంలో సవాయి రోగం అనేవాళ్లు. మొగుడూ పెండ్లామూ కలిస్తే ఒకరినుంచి ఒకరికి అంటేది. పైకి ఏమీ లేకుండా ఏండ్ల తరబడి దాక్కొని ఉంటుందంట, కడుపులో బిడ్డకు దిగుతుందంట. రెండు బిడ్డలు పోయింది దాంతోనే అయ్యుండొచ్చు అనింది డాక్టరమ్మ. ఖాయం అనలేదు, అయ్యుండొచ్చు అనింది. కాని ఇప్పుడు ఉండేది మాత్రం ఖాయం, ఇంకో పరీక్ష చేసి గట్టి చేసుకొనింది. దీనికి మందుండాది. పెన్సిలిన్ సూది, వారానికొకటి, మూడు. ఎంత తొందరగా వేస్తే బిడ్డకు అంత మంచిది. మొగుడు కూడా వేయించుకోవాల. లేకపోతే ఈయమ్మకు తగ్గింది ఆయన దగ్గరినుంచి మళ్లీ అంటుకొంటుంది.

కాబట్టి అమరేషును పంపు. ఈ వారమే.

ఇంకోటి. గిరీశ్ అత్తగారి ఊరు హొసూరు. నువ్వు పోయిన ఆదివారం పూలూ పండ్లూ పట్టుకొని హొసూరులో ఒక ఇంటికి పోయినావంట. ఆ ఇంట్లో పెండ్లి కాని పిల్ల ఉండాదంట. నా మనవరాలు బతికుండగానే నీ కొడుక్కి ఇంకో పిల్లను చూస్తాండావా? అట్లాంటిది ఏమన్నా ఉంటే నేను చింతామణి నడిరోడ్డులో కూర్చుంటా, చెప్పినా.

ఈసారీ దీవెనలు లేవు.

మునివెంకటమ్మ


చింతామణి
2024 జూన్ 22

అమ్మా,

కోపంలో రాస్తాండా, అచ్చరాలు వంకర పోతే పోనీ.

ఆ రోగం పేరు రాయించినావు గదా, సంతోషమా? పక్కింటామె చేత రాయించి, బస్సులో పంపించి! మొగుడు పోయినంక ఒంటిచేత్తో పెంచుకొన్న కొడుకు వాడు. బీడీ తాగడు. వాడికి ఆ జబ్బు అంటగట్టేకి నీకు నోరెట్ల వచ్చింది? ఉంటే నీ మనవరాలికే ఉండాది గదా, కాగితం ఆమెదే గదా, వాడిది కాదు గదా? ఇది అనకూడదని నాకు తెలుసు. నువ్వు అనిపించినావు.

హొసూరుకు పోతి. అవును. ఆ ఇంట్లో పిల్ల ఉంటే ఉండనీ, నేను చూడను కూడా లేదు. ఆ పిల్ల తల్లి ఒంటి మీందికి గంగమ్మ వస్తుంది. నా కోడలి కడుపు నిలబెట్టమని పూలూ పండ్లూ పెట్టి కాళ్లమీంద పడితి. నేను ఇంకో పెండ్లి చేసేదాన్నైతే రెండేండ్ల కిందటే చేసుంటా. నన్ను అంత మాట అనే ముందు నువ్వు పెంచిన బిడ్డనే గదా అని తోచలేదా నీకు?

గంగమ్మ ఏం చెప్పిందో విను. అమ్మను మర్యాదగా సాగనంపేదాకా ఆ ఇంట్లోవాళ్లకు ఇనుము తగలకూడదంట. సూది ఇనుమే గదా. నీ డాక్టరమ్మ మచ్చ అంటుంది, గంగమ్మ అమ్మవారు అంటుంది. నేను ఎవరి మాట వినాల? సాగనంపుదామంటే ఈ వీధిలో ఆ పద్ధతి తెలిసిన ఆడది ఒక్కతీ మిగల్లేదు. అంతా పోయినారు, ఉండేవాళ్లు ఫోన్లో చూసి చెప్తామంటారు.

నీకు ఒకటి తెలీదు. ఏడో నెల్లో పుట్టిన ఆ బిడ్డను తెల్లగుడ్డలో చుట్టి నా చేతికే ఇచ్చినారు. అమరేషు పడిపోయినాడు, మంజుశ్రీకి తెలివి లేదు. నేనే పట్టుకొని నిలబడితి. వేళ్లు, గోర్లు, రెప్పలు, అన్నీ ఉండినాయి. ఆ బరువు ఇంకా నా చేతుల్లోనే ఉండాది. ఇప్పుడు నీ మాట విని ఆ తల్లికి కోపం తెప్పించి మూడోది కూడా పోతే జవాబు ఎవరు చెప్తారు? నువ్వా? నీ డాక్టరమ్మా?

నీ జాబు చదివినంక అమరేషును అడిగితి. "నీకేమన్నా ఉండాదా అప్పా?" అంటి. ముందర పళ్లెం ఉండగానే లేచిపోయినాడు. నువ్వు పెట్టిన చిచ్చే ఇది.

అంబిక


బాగేపల్లి
2024 జూన్ 25

అంబికా,

జవాబు ఎవరు చెప్తారు అని అడిగితివి. నేను చెప్తా. ఇంక ఆ మాట అడగొద్దు.

నిన్న మంజుశ్రీకి మొదటి సూది వేయిస్తి. ముందు చేతిమీంద రోంత గుచ్చి మందు ఒంటికి పడుతుందా లేదా చూసినారు, తర్వాత వేసినారు. ఆ తల్లికి కోపం వస్తే ముందర నా మీందికి రావాల. నా అడ్రసు ఆమెకు బాగా తెలుసు, ఒకసారి వచ్చిపోయింది.

ఆ బిడ్డ బరువు సంగతి నాకు నువ్వు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పింటే నేను ఇన్ని తిట్లు రాయించే దాన్ని కాదు, సగం రాయించేదాన్ని. హొసూరు మాట వాపసు తీసుకొంటాండా. గిరీశ్‌కు బస్టాండులో తగినంత చెప్తి, వాడు ఇంక నీ ఊసెత్తడు.

అమ్మవారిని నేను ఎగతాళి చేయను. చేసినానని అనుకోవద్దు. నాకు పోసి పోయినంక ఊర్లో ఎవరింట్లో పోసినా నన్నే పిలిచేవాళ్లు. పక్కన కూర్చొని వేపమండతో విసరాల, నీళ్లు తాపాల, చీము తుడవాల. వేరేవాళ్లు గుమ్మం కాడే నిలబడేవాళ్లు. మచ్చ ఉండేదానికి మళ్లీ పోయదని అందరికీ తెలుసు. అప్పుడు ఏ డాక్టరూ చెప్పలేదు, మనకే తెలుసు. మచ్చ ఉండేది కావలి మనిషి అని. ఇప్పుడు అదే సంగతి కాగితం మీంద రాసి ఇస్తే మనకు అర్థం కాకుండా పోయె. సూది వద్దనేది కూడా అప్పటి మాట. అప్పుడు దానికి సూది లేదు గదా. లేనిదాన్ని వద్దనేకి ఏం ఖర్చు?

అయినా నీకు మనసు ఒప్పదు. నాకు తెలుసు. అందుకే ఆదివారం నేనే వస్తాండా, మంజుశ్రీని తీసుకొని. నేను సాగనంపుతా. ఆ పద్ధతి తెలిసినోళ్లు లేరంటివి గదా, నేను చావలేదు ఇంకా. కొత్త కుండ తెప్పించు. పెరుగన్నం, పసుపునీళ్లు, వేపాకు, చీర కొంగంత పసుపుగుడ్డ. లేని అమ్మను సాగనంపేదేంది అని నువ్వు అడగొద్దు, నేనూ అడగను. ఇంట్లో లేకపోయినా నీ తలకాయలో ఉండాది, అక్కడినుంచే సాగనంపాల.

అమరేషు పళ్లెం ముందరనుంచి లేచిపోయినాడు అంటివి. దాంట్లో నేను పెట్టిన చిచ్చు ఏమీ లేదు, నువ్వు కూడా తల్లివే, ఆలోచించు. కాని వాడికి నా మాటగా ఇది చెప్పు: అవ్వ ఏమీ అడగదు. బావిలో పడినోణ్ణి ఎట్ల పడితివి అని గట్టు మీంద నిలబడి అడిగేవాళ్లు తెలివితక్కువోళ్లు. ముందు తాడు వేయాల. తాడు చిక్కబళ్లాపురంలో ఉండాది, పట్టుకొనేది వాడే.

ఈసారి నీకూ దీవెనలు. ఎక్కువ కాదు.

అమ్మ


చింతామణి
2024 జూలై 4

అమ్మా,

నువ్వు వచ్చిపోయి నాలుగు రోజులైంది. మా వీధివాళ్లు ఇంకా నీ గురించే మాట్లాడుతాండారు. అమ్మను సాగనంపే పొలిమేర అనేది ఇప్పుడు యాడుండాదమ్మా, అంతా ఇండ్లే, మండీ రోడ్డు పక్కన చేద్దామంటే నువ్వు నడిరోడ్డులోనే కుండ దించితివి. టమాటా లారీలు ఆరేడు ఆగిపోయి హారన్ కొడతాంటే, "నా తల్లి పోయేదాకా మీ టమాటాలు కుళ్లిపోవులే" అంటివి. ఒక డ్రైవరు దిగి వచ్చి కొట్లాడతాడనుకొంటి. వాడు చెప్పులు విడిచి దండం పెట్టినాడు.

తిరిగి వచ్చి నువ్వు చేతులు కడుక్కొని, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి తాలింపు పెడితివి. పక్కిండ్లవాళ్లంతా దగ్గినారు. నాకు కళ్లల్లో నీళ్లు ఘాటుకు వచ్చినాయని చెప్తి, నువ్వు నమ్మినట్లు తల ఊపితివి. నమ్మలేదని నాకు తెలుసు.

మరుసటిరోజు పొద్దున అమరేషు మండీకని పోయి మధ్యాన్నం దాకా రాలేదు. వచ్చినప్పుడు చెయ్యి మడిచి పట్టుకొనుండాడు, దూది అంటించి ఉండాది. వాడిదీ పాజిటివే అమ్మా. సూది వేసినారంట. పెండ్లికి ముందు రెండేండ్లు టమాటా లారీల మీంద దూరాలు తిరిగినాడు గదా, అప్పుడంట. పుండు ఒకటి వచ్చిందంట, నొప్పి లేదంట, మెడికల్ షాపులో పూత మందు కొని పూసుకొన్నాడంట. అదే మానిపోయిందంట. మానిపోయిందనుకొన్నాడు. ఇదంతా నాకు చెప్పలేదు, మంజుశ్రీకి చెప్పినాడు. మంజుశ్రీ రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. మూడో రోజు, "మిగిలిన సూదులకు ఇద్దరం కలిసి పోదాం, బస్సు ఛార్జీ ఒకసారే" అనింది. దాని మొగంలో ఏముండాదో చూసేకి నాకు ధైర్యం చాల్లేదు.

కాగితం ఆమెదే గదా అని నేను ఒక మాట రాస్తి నీకు. ఆ జాబు చించెయ్యి. ఇదే అడుగుతాండా.

వెనక గదిలో చాప ఎత్తేస్తి. నువ్వు పోయేటప్పుడు నాకు పోయొస్తా అని కూడా చెప్పలేదు. అది కూడా పద్ధతేనా, కోపమా?

అంబిక


బాగేపల్లి
2024 సెప్టెంబరు 20

అంబికా,

చించలేదు. నాకు చదివేకి రాదు, వరమహాలక్ష్మమ్మకు మరుపు ఎక్కువ. చించినట్లే లెక్క. పోయొస్తా అని చెప్పనిది పద్ధతే. అమ్మను పంపినోళ్లు చెప్పకూడదు. కోపం ఉంటే నేను దాచిపెడతానా?

పాడి ఆవు తన్ని నా కాలు బెణికింది. మంచం మీంద పడి ఉండా. మీ అన్న ఉప్పు కాపడం పెడతాడు, పెట్టి పెట్టి చర్మం ఊడగొడతాండాడు. దీన్ని పక్కన పెట్టు.

డాక్టరమ్మ మళ్లీ నెత్తురు చూసి, జబ్బు లెక్క బాగా దిగిందని చెప్పిందంట, మంజుశ్రీ ఫోన్లో చెప్పింది. బిడ్డ పెరుగుతాండాదంట. మంచిది. మరి నువ్వేంది, దాన్ని చూసినప్పుడంతా కడుపు మీంద చెయ్యి పెట్టి కదిలిందా కదిలిందా అని అడుగుతాండావంట? పొద్దున, మధ్యాన్నం, సందకాడ. అది ముక్కుపుడక తిప్పుకొంటూ, "అవ్వా, అత్తకు చెప్పు, చెయ్యి తీసి నన్ను కదలనిస్తే గదా బిడ్డ కదిలేది" అని నాకు ఫిర్యాదు చేసింది.

ఏడో నెల నడుస్తాండాదని నాకు తెలుసు. నీకు నిద్ర లేదనీ తెలుసు. నాకూ లేదు. ఇది ఎవరికీ చెప్పొద్దు, ముఖ్యంగా దానికి. భయం మనిద్దరం పంచుకొందాం, దానికి అన్నం మాత్రం పెట్టు.

మొక్కులు చాలించు. గుడిబండె కొండ ఎక్కుతానని మొక్కుకొన్నావంట, నీ మోకాళ్లతో. దేవుడు కూడా నవ్వుకొంటాడు.

అమ్మ


చిక్కబళ్లాపురం, ఆస్పత్రి
2024 డిసెంబరు 14

అమ్మా,

ఆడబిడ్డ అని ఫోన్లో అమరేషు చెప్పింటాడు. నీ చెవులకు వాడి గొంతు ఎంత వినపడిందో తెలీదు. మిగిలింది నేను రాస్తా. ఇన్ని తిట్లు కాగితం మీంద తింటి, ఇది కూడా కాగితం మీందే నీకు చేరాల. వరమహాలక్ష్మమ్మను రెండుసార్లు చదవమను.

పుట్టగానే రోంత మూలిగింది, అంతే. నర్సు ఒళ్లు తుడిచి మంజుశ్రీ పక్కన పడుకోబెట్టింది. కళ్లు మూసుకొని ఉండింది. ఊపిరి ఆడుతాండాదని వాళ్లు చెప్తాండారు, నేను నమ్మలేదు. ముక్కు కాడ వేలు పెట్టి చూస్తి, ఇంకా నమ్మలేదు.

రోంతసేపటికి అనఘ డాక్టరమ్మ వచ్చింది. తల్లికి మందు సరిగ్గా పడింది గాని, బిడ్డ నెత్తురు కూడా ఒకసారి చూడాల, కొన్ని నెలలు మళ్లీ మళ్లీ చూస్తాం అనింది. నర్సు సూది తెచ్చింది. "ఎవరన్నా బిడ్డను గట్టిగా పట్టుకోండి" అనింది. మంజుశ్రీ లేవలేని స్థితి. అమరేషు గోడ వైపు తిరిగిపోయినాడు. అందరూ నా దిక్కు చూసినారు. డాక్టరమ్మ కూడా చూసింది, నేను వద్దంటానని ఆయమ్మకు నువ్వు చెప్పింటావు.

నేనే పట్టుకొంటి. ఒక చేత్తో ఒళ్లు, ఒక చేత్తో ఆ కాలు. నా బొటనవేలంత లేదు ఆ పాదం.

గుచ్చినారు.

అమ్మా, ఎంత గట్టిగా ఏడ్చిందో! వార్డులో అందరూ తిరిగి చూసినారు. మొగం ఎర్రగా చేసుకొని, పిడికిళ్లు బిగించి, నా చేతుల్లో తన్నుకొంటా ఏడ్చింది. "అయిపోయింది అక్కా, ఊరుకోబెట్టండి" అనింది నర్సు.

ఏడవనీమ్మా అంటి. ఇంకా రోంతసేపు ఏడవనీ.

అంబిక